రక్తం చాలని విద్యార్థిని ఎవరి లెక్కలోకి వస్తుంది?

స్త్రీల ఆరోగ్యం కోసం మన దేశంలో నడిచే ప్రభుత్వ కార్యక్రమాలు చాలావరకు వయసును, గర్భాన్ని, ఇంటి చిరునామాను ఆధారం చేసుకొని రూపొందినవి. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం పది నుంచి పందొమ్మిదేళ్ళ వయసువారిని ఉద్దేశించింది. బడిలో వారానికొకసారి మింగించే నీలిరంగు ఐరన్ మాత్ర కూడా ఆ వయసువారికే. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన 'స్వేచ్ఛ' పథకం నెలకు పది శానిటరీ నాప్కిన్ల చొప్పున ఇవ్వదలచింది ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు చదివే బాలికలకు. రక్తహీనతను తగ్గించడానికి 2018లో కేంద్రం తెచ్చిన 'ఎనీమియా ముక్త్ భారత్' ఇరవై ఏళ్ళు దాటిన స్త్రీలను కూడా లెక్కలోకి తీసుకొని వారికి ఎర్రరంగు మాత్రను కేటాయించింది గాని, దాన్ని చేరవేసే బాధ్యతను ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు అప్పగించింది. ఇల్లు వదిలి హాస్టల్లో ఉంటూ డిగ్రీయో పీజీయో చదివే అమ్మాయి బడి దాటిపోయింది, గర్భిణి కాదు, ఆశా కార్యకర్త తలుపు తట్టే ఇంట్లోనూ లేదు. అందువల్ల ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ నిలకడగా ఉండదు.

తిరుచానూరు పరిసరాల్లో ఈ లోటు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అలమేలుమంగాపురమని పేరున్న ఈ క్షేత్రంలో వెలసిన పద్మావతీ అమ్మవారి పేరే, ఐదు కిలోమీటర్ల దూరంలోని తిరుపతిలో ఆడపిల్లల చదువు కోసం వెలసిన సంస్థలకు వరసగా పెట్టారు: తిరుమల తిరుపతి దేవస్థానం 1952లో నెలకొల్పిన మహిళా కళాశాల, ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1983లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం, 2014లో స్విమ్స్ వైద్య సంస్థ ఆధ్వర్యంలో మొదలైన మహిళా వైద్య కళాశాల ఆ పేరుతోనే ఉన్నాయి. వీటికి తోడు రుయా ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది, రొమ్ము క్యాన్సర్‌ను, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను తొలిదశలో గుర్తించడానికి పల్లెలకు వెళ్ళే స్విమ్స్ పింక్ బస్సు ఉంది. ఇన్ని ఉన్న ఊళ్ళో కూడా ఒక విద్యార్థిని తన హిమోగ్లోబిన్ అంకె ఎంతో తెలియకుండానే మూడేళ్ళ డిగ్రీ పూర్తిచేసి వెళ్ళిపోగలదు. ఈ సంవాదం పుట్టింది అక్కడే.

ఇందులో మాట్లాడే ఇద్దరూ ఏ ఒక్క వ్యక్తికీ ప్రతిరూపాలు కారు. ఈ ప్రాంతపు కళాశాలల్లో తరచూ ఎదురుపడే రెండు వాదాలకు వారు గొంతులు మాత్రమే. ఒకరు పోషకాహార శాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతూ, జాతీయ సేవా పథకంలో, అంటే ఎన్‌ఎస్‌ఎస్‌లో, వాలంటీరుగా పనిచేస్తున్న విద్యార్థిని. రెండోవారు వృక్షశాస్త్రం బోధిస్తూ హాస్టల్ బాధ్యత కూడా మోస్తున్న వార్డెన్. విద్యార్థినులు తయారుచేసిన అర్జీ వీరి మధ్య చర్చకు వచ్చింది. ఆ అర్జీలో నాలుగు కోరికలున్నాయి: ఏడాదికొకసారి హిమోగ్లోబిన్ పరీక్ష జరిపి ఫలితాన్ని ఆ విద్యార్థిని చేతికే ఇవ్వడం, మరుగుదొడ్లలో నీరు, నాప్కిన్లు, వాడినవాటిని పారవేసే ఏర్పాటు, వారానికొక రోజు క్యాంపస్‌కు వచ్చే లేడీ డాక్టరు, నెలసరి కారణంగా హాజరులో రెండు శాతం సడలింపు.

వార్డెన్: చూడమ్మా, ఇందులో అడిగినవి చెడ్డవని ఎవరూ అనరు. అయితే ఇక్కడికి వచ్చే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు. పీలేరు, పుంగనూరు, సత్యవేడు వైపు పల్లెల నుంచి తండ్రి ఎంతో జంకుతూ తెచ్చి వదిలిపెడతాడు. చదువుకోసం పంపిన చోట రక్తపరీక్షలు, ముట్టు, గర్భసంచి అంటూ సభలు జరుగుతున్నాయని తెలిస్తే ఆ తండ్రి మొదట చేసే పని బిడ్డను వెనక్కి తీసుకుపోవడం. మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసున్న స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయిందని 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది కదా. ఆ పెళ్ళి నుంచి తప్పించుకొని ఇక్కడిదాకా వచ్చిన పిల్లకు ఆరోగ్యంకన్నా ముందు కావలసింది ఇక్కడ నిలదొక్కుకోవడం.

విద్యార్థిని: నిలదొక్కుకోవడానికి ఒంట్లో రక్తం ఉండాలి కదా, మేడమ్. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులు. అంతకు నాలుగైదేళ్ళ ముందు జరిగిన నాలుగో సర్వేలో ఆ అంకె 60. ఇన్ని మాత్రలు పంచాక తగ్గింది ఒక్క పాలు. పైగా పరీక్ష అనేది కొత్తగా తలపెడుతున్నదేమీ కాదు, ఎన్‌ఎస్‌ఎస్ రక్తదాన శిబిరం పెట్టిన ప్రతిసారీ జరుగుతూనే ఉంది. దానం చేయడానికి డెసిలీటరుకు 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి, 45 కిలోల బరువు ఉండాలి. ఉత్సాహంగా చేయి చాచిన అమ్మాయి వేలిమీద సూది గుచ్చి చూసి, 'నీకు చాలదు, వెళ్ళు' అంటారు. సేకరించిన యూనిట్ల సంఖ్య నోటీసు బోర్డుకు ఎక్కుతుంది, తిరిగి పంపిన అమ్మాయిలు ఎందరో, వాళ్ళ అంకె ఎంతో ఎక్కడా ఉండదు. జబ్బు కనిపించిన చోటే దాన్ని వదిలేస్తున్నారు.

వార్డెన్ ఈ మాటను తేలిగ్గా తీసుకోలేదు గాని, శాస్త్రం బోధించే వ్యక్తిగా అందులోని ఒక లొసుగును వెంటనే పట్టుకున్నారు. హిమోగ్లోబిన్ అనేది ఎర్ర రక్తకణాల్లో ఉండి ప్రాణవాయువును శరీరమంతటికీ మోసే, ఇనుముతో కూడిన ప్రోటీను. గర్భిణి కాని స్త్రీలో అది డెసిలీటరుకు 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత అనీ, 8 గ్రాముల లోపుకు పడిపోతే తీవ్రమైనదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దాతకు పెట్టిన హద్దు అంతకన్నా ఎక్కువ కాబట్టి శిబిరంలో తిరస్కరించిన ప్రతి అమ్మాయినీ రోగి అనడం తప్పవుతుందని ఆమె అభ్యంతరం.

విద్యార్థిని: సరిగ్గా అందుకే అంకె కావాలి, మేడమ్. 12.2 ఉన్న అమ్మాయికీ 7.8 ఉన్న అమ్మాయికీ ఒకే మాట చెప్పి పంపిస్తున్నారు. మొదటి అమ్మాయి అనవసరంగా భయపడుతుంది. రెండో అమ్మాయి మెట్లెక్కుతుంటే ఆయాసం రావడం, పుస్తకం తెరిస్తే కళ్ళు మూతలు పడడం తన బద్ధకమేనని నమ్ముతూ ఉంటుంది. బద్ధకమని ఇంట్లోవాళ్ళూ అంటారు, అధ్యాపకులూ అంటారు.

వార్డెన్: మెస్‌లో తిండి సరిగా లేదని చెప్పడానికి ఇదంతా చుట్టుతిరుగుడు కాదు కదా? వారానికి మూడు రోజులు ఆకుకూర పెట్టిస్తున్నాం, రెండు రోజులు గుడ్డు పెట్టిస్తున్నాం. రాగిసంగటి పెడితే సగంమంది ముట్టరు, ఇంట్లో రోజూ తిన్నదే ఇక్కడ కూడానా అని.

విద్యార్థిని: మెనూను తప్పుపట్టడం లేదు. తిన్నదాంట్లో ఎంత ఒంటికి పడుతుందన్నది వేరే లెక్క.

ఆ లెక్కను ఆమె వివరించిన తీరు అర్జీలోని మొదటి కోరికకు అసలైన బలం. ఒక నెలసరిలో సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. దానితోపాటు 15 నుంచి 20 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. 80 మిల్లీలీటర్లు దాటితే దాన్ని అధిక రక్తస్రావమని వైద్యులు అంటారు గాని, ఎంత పోతే ఎక్కువో చెప్పేవారు లేక చాలామంది అమ్మాయిలు అమ్మకూ అలాగే అయ్యేదని సరిపెట్టుకుంటారు. పోయిన ఇనుమును ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యాల నుంచి తిరిగి పొందాలంటే కష్టం, ఎందుకంటే శాకాహారంలోని ఇనుములో నూటికి ఐదు నుంచి పది పాళ్ళు మాత్రమే పేగు గ్రహించగలదు. రాగిలోని ఫైటేట్లు ఆ కొద్దిపాటి గ్రహణాన్ని కూడా అడ్డుకుంటాయి, భోజనం వెంటనే తాగే టీ ఇంకా అడ్డుకుంటుంది, అదే పళ్ళెంలో నిమ్మకాయ బద్దో ఉసిరికాయ పచ్చడో ఉంటే గ్రహణం పెరుగుతుంది. హాస్టల్లో మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే టీ ఇచ్చే అలవాటును రెండు గంటలు వెనక్కి జరిపితే ఖర్చు పైసా కూడా పెరగదు. అయితే అప్పటికే అంకె 10కి పడిపోయిన అమ్మాయిని ఆహారం ఒక్కటే పైకి తేలేదు. ఆమెకు వైద్యుల సలహాతో రోజూ ఐరన్ మాత్ర, అవసరమైతే నులిపురుగుల మందు, రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష తప్పనిసరి. పరీక్ష చేసి వదిలేసే శిబిరాలు ఎన్ని జరిగినా అంకె కదలకపోవడానికి ఈ మలి పరీక్ష లేకపోవడమే పెద్ద కారణమని ఒప్పుకోక తప్పదు.

వార్డెన్ మెస్ విషయంలో వెంటనే మెత్తబడ్డారు. అయితే ఆమె అసలు అభ్యంతరం అప్పటికింకా బయటికి రాలేదు.

వార్డెన్: పరీక్ష చేశారు, కాగితం వచ్చింది. ఆ కాగితం ఎక్కడ ఉంటుంది? ఆఫీసులో గుమాస్తా చూస్తాడు, రూమ్‌మేట్ చూస్తుంది, పండక్కి ఊరికి వెళ్ళేలోపు ఆ వార్త ముందే వెళ్ళిపోతుంది. 'ఆ పిల్లకు రక్తం లేదంట, నెలలు సరిగ్గా రావంట' అన్న మాట పెళ్ళి సంబంధం మాట్లాడే చోట ఎంత పని చేస్తుందో నీకు తెలియని విషయం కాదు. ఇంకొకటి కూడా ఉంది తల్లీ. హాస్టల్ పిల్లలమీద ఆరోగ్యం పేరుతో ఏం జరిగిందో ఈ రాష్ట్రం ఒకసారి చూసింది.

ఆమె ప్రస్తావించినది ఖమ్మం జిల్లా ఉదంతం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్‌ను నిరోధించే టీకాను 2009 జులైలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలకు వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనమది. వారిలో ఎందరో ఆదివాసీ బాలికలు, వసతిగృహాల్లో ఉండి చదువుకునేవారు. చాలా సమ్మతి పత్రాలమీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. మహిళా ఆరోగ్య సంఘాలు ఈ సంగతి వెలికితీశాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ అధ్యయనాన్ని నిలిపివేసింది. పార్లమెంటరీ స్థాయీసంఘం 2013 ఆగస్టులో దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆంధ్రప్రదేశ్, గుజరాత్ రెండుచోట్లా కలిపి నమోదైన ఏడు మరణాలకూ టీకాకూ సంబంధం లేదని విచారణలో తేలినా, అడగకుండా చేయి చాపించారన్న సంగతి మాత్రం మారలేదు. క్యాన్సర్‌ను నిజంగా ఆపగల టీకామీద తెలుగు నేలలో ఏళ్ళ తరబడి అనుమానం మిగలడానికి ఆ నిర్లక్ష్యమూ ఒక కారణం. 2023 నుంచి సెర్వావ్యాక్ అనే స్వదేశీ టీకా అందుబాటులో ఉంది, 26 ఏళ్ళ వరకు వేయించుకోవచ్చు, అంటే కాలేజీ వయసు మొత్తం అందులోకి వస్తుంది. అయినా దాని పేరు వినని డిగ్రీ విద్యార్థినులు ఎందరో ఉన్నారు.

వార్డెన్: ఆ పత్రాలమీద సంతకం పెట్టినవాళ్ళూ వార్డెన్లే. వాళ్ళు దుర్మార్గులు కారు, మంచి చేస్తున్నామనే అనుకొని ఉంటారు. ఆడపిల్లల ఒంటికి సంబంధించిన ఏ కాగితంమీదైనా సంతకం అనగానే చేయి వెనక్కి పోతుంది.

ఈ మాటకు విద్యార్థిని దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. ఖమ్మం సంగతి ఆమె వినలేదు; విన్నాక అర్జీలోని మొదటి కోరికకు ఒక వాక్యం చేర్చవలసి ఉందని గుర్తించింది: పరీక్ష ఎవరికీ తప్పనిసరి కాకూడదు, వద్దనే హక్కు ఉండాలి, వద్దన్నందుకు కారణం అడగకూడదు, పద్దెనిమిదేళ్ళు నిండిన విద్యార్థిని తరఫున మరొకరు సంతకం చేయకూడదు. అయితే అదే ఉదంతాన్ని ఆమె రెండోవైపు నుంచి కూడా చూసింది.

విద్యార్థిని: అక్కడ జరిగిన తప్పు ఆరోగ్యం గురించి మాట్లాడడం వల్ల జరగలేదు కదా, మేడమ్, ఆ పిల్లలతో ఎవరూ మాట్లాడకపోవడం వల్ల జరిగింది. దాన్ని బయటపెట్టినవాళ్ళు కూడా మహిళా ఆరోగ్యం కోసం పనిచేసేవాళ్ళే. అంతకు పాతికేళ్ళ ముందూ ఇలాంటిదే జరిగింది.

1980ల మధ్యలో హైదరాబాదుకు దగ్గరలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పరీక్షిస్తున్నప్పుడు, తమమీద జరుగుతున్నది ప్రయోగమన్న సంగతి అక్కడి స్త్రీలకు తెలియదని గుర్తించి, ఢిల్లీలోని సహేలీ వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళినది స్త్రీ శక్తి సంఘటన. 1978లో ఏర్పడిన ఆ సంఘంలోని కొందరి మూలాలు, 1970లలో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థినులు కట్టిన ప్రగతిశీల మహిళా సంఘంలో ఉన్నాయి. వరకట్నాన్ని, వీధుల్లో వేధింపులను ఎదిరిస్తూ మొదలైన ఆ క్యాంపస్ ఉద్యమం నడుస్తూ నడుస్తూ ఆసుపత్రి గదిలో స్త్రీకి ఏం చెబుతున్నారు, ఏం దాస్తున్నారు అన్న ప్రశ్నకు చేరుకుంది. ఆ ప్రశ్ననుంచే 1991లో 'సవాలక్ష సందేహాలు' అనే పుస్తకం వచ్చింది. స్త్రీ శరీరం గురించి స్త్రీలే కూర్చొని, చదివి, వైద్యులను అడిగి, తెలుగులో రాసుకున్న అపురూపమైన పుస్తకమది. దానికి స్ఫూర్తినిచ్చిన అమెరికా పుస్తకం పుట్టుక కూడా ఒక కళాశాలలోనే జరిగింది: 1969లో బోస్టన్‌లోని ఇమ్మాన్యుయేల్ కళాశాలలో జరిగిన మహిళల సమావేశంలో కొందరు స్త్రీలు తమ డాక్టర్లతో తమకెదురైన అనుభవాలు చెప్పుకొని, ఏడాది తిరిగేసరికి తమ శరీరాల గురించి తామే ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. తెలుగు పుస్తకం వెలువడి ముప్పై ఏళ్ళు దాటినా తిరుపతి హాస్టళ్ళలో దాని పేరు వినిపించకపోవడం విచారించవలసిన విషయం. ప్రతి మహిళా కళాశాల గ్రంథాలయంలోనూ అటువంటి పుస్తకాన్ని అడిగి తీసుకునే అవసరం లేకుండా బయటి బల్లమీద ఉంచాలి.

వార్డెన్: పుస్తకాలు ఉంచడానికి అభ్యంతరం లేదు. డాక్టరమ్మ వారానికొకసారి వచ్చి కూర్చుంటే ఆ గది ముందు నిలబడే పిల్లను చూసి మిగతావాళ్ళు ఏమనుకుంటారు? పెళ్ళికాని పిల్ల లేడీ డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళిందని.

విద్యార్థిని: వెళ్ళకపోతే ఏమవుతుందో కూడా చూడాలి కదా.

ఇక్కడ ఆమె చూపిన ఆధారం ఈ రాష్ట్రానిదే. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో 15 నుంచి 18 ఏళ్ళ మధ్య వయసున్న 460 మంది బాలికలను పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 9.13 మందికి పీసీఓఎస్ ఉన్నట్టు తేలింది. పీసీఓఎస్ అంటే అండాశయాల్లో హార్మోన్ల సమతౌల్యం తప్పి, అండం సక్రమంగా విడుదల కాక, నెలసరి ఆలస్యం కావడం, ముఖంమీద వెంట్రుకలు, మొటిమలు, బరువు పెరగడం వంటివి కనిపించే స్థితి. పట్టించుకోకపోతే తర్వాతి కాలంలో మధుమేహానికి దారితీసే అవకాశం పెరుగుతుంది. ఈ లక్షణాలతో బాధపడే అమ్మాయికి బంధువులే కాదు, కొందరు వైద్యులు కూడా చెప్పే మాట, 'పెళ్ళయితే అదే సర్దుకుంటుంది' అని. సర్దుకోదు. ఆహారంలో మార్పు, వ్యాయామం, అవసరమైతే మందులు కావాలి, అవి ఇరవై ఏళ్ళ వయసులో మొదలైతేనే ఎక్కువ మేలు.

విద్యార్థిని ఇంకొక మాట కూడా అంది, అది వార్డెన్‌ను చాలాసేపు మౌనంగా ఉంచింది. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిదిమందికి గర్భసంచి తీసివేసి ఉంది. దేశం మొత్తంమీద ఆ లెక్క మూడుకు కాస్త ఎక్కువ. హాస్టల్లో ఏ నలుగురమ్మాయిలను కదిలించినా వారిలో ఒకరి తల్లికో మేనత్తకో నలభై ఏళ్ళు రాకముందే ఆ ఆపరేషన్ జరిగిందన్న మాట వినిపిస్తుంది. తెల్లబట్ట అవుతోందనో, రక్తస్రావం ఎక్కువనో ఆసుపత్రికి వెళ్ళిన స్త్రీకి మందులతో నయమయ్యే అవకాశం ఎవరూ చెప్పలేదు. ఇక పిల్లలు వద్దు కదా, తీసేస్తే పీడ పోతుందన్నారు. ఆ తల్లులకు ప్రశ్న అడగడం నేర్పినవారు లేరు. కూతుళ్ళకైనా ఇరవయ్యో ఏట ఒక డాక్టరు ముందు కూర్చొని తన ఒంటి సంగతి తానే చెప్పుకునే అలవాటు పడితే, నలభయ్యో ఏట ఆపరేషన్ కాగితం ముందుకు వచ్చినప్పుడు, ఇంకేదైనా మార్గం ఉందా అని అడగగలుగుతారు.

వార్డెన్ మూడో కోరికను ఒప్పుకున్నారు. ఆ డాక్టరు స్త్రీల సమస్యలకే కాక జ్వరాలు, కళ్ళు, చర్మం అన్నింటికీ అదే గదిలో చూడాలని, అప్పుడు ఎవరు ఎందుకు వచ్చారో బయటివారికి తెలియదని ఒక సవరణ చెప్పారు. అనుభవం ఉన్నవారికే తట్టే సవరణ అది. విద్యార్థిని దాన్ని వెంటనే రాసుకుంది.

రెండో కోరిక దగ్గర సంవాదం ఊహించని చోటికి తిరిగింది. అమ్మవారి క్షేత్రంలో, కార్తీక బ్రహ్మోత్సవాల చివరి రోజున పంచమీతీర్థానికి లక్షలమంది పద్మసరోవరంలో మునకలేసే ఊళ్ళో, ముట్టు గురించి బహిరంగంగా రాతకోతలు జరిపితే భక్తులైన తల్లిదండ్రుల మనసు నొచ్చుకుంటుందని వార్డెన్ సందేహించారు. ఆ మూడు రోజులూ గుడివైపు వెళ్ళకుండా ఉండడం ఇక్కడి పిల్లల్లో చాలామంది ఇష్టంతో పాటించేదేనని, దాన్ని ఎవరూ ప్రశ్నించినట్టు కనిపించకూడదని ఆమె అన్నారు.

విద్యార్థిని: అర్జీలో గుడి మాట లేదు, మేడమ్, ఉండదు కూడా. దూరంగా ఉండాలనుకున్న అమ్మాయికీ స్నానానికి నీళ్ళు కావాలి, ఉతికిన గుడ్డను ఎండలో ఆరేసుకునే తావు కావాలి. ఇప్పుడు ఆ గుడ్డ పరుపు కిందో బాత్‌రూమ్ మూలలోనో సగం తడిగానే ఆరుతోంది. ఆ తేమవల్ల దురదలు, ఇన్ఫెక్షన్లు. కాలేజీలో మరుగుదొడ్డికి గడియ లేదని ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఉండే అమ్మాయిలున్నారు. మూత్రంలో మంటకు సగం కారణం అదే.

స్కాట్లాండ్‌లో 2021 నాటి చట్టం ప్రకారం కళాశాలలు, విశ్వవిద్యాలయాలు నెలసరి సామగ్రిని ఉచితంగా అందుబాటులో ఉంచాలి. మన దగ్గర ఇంటర్ దాకా ఉన్న పథకం డిగ్రీ మొదటి ఏడాదిలో ఆగిపోవడానికి వైద్యపరమైన కారణమేమీ లేదు, బడ్జెట్ పద్దు తప్ప. దీనిమీద ఇద్దరికీ పేచీ రాలేదు.

పేచీ అంతా నాలుగో కోరిక దగ్గర వచ్చింది. పరీక్ష రాయడానికి 75 శాతం హాజరు ఉండాలన్న నియమంలో విద్యార్థినులకు ప్రతి సెమిస్టరులో రెండు శాతం అదనపు మినహాయింపును 2023 జనవరిలో కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రకటించింది. అక్కడి విద్యార్థి సంఘం అడిగి సాధించిన ఆ మార్పును అదే నెలలో కేరళ ప్రభుత్వం తన పరిధిలోని ఇతర విశ్వవిద్యాలయాలకూ వర్తింపజేయాలని నిర్ణయించింది. ఇక్కడి అర్జీ కోరుతున్నది కూడా అంతే.

వార్డెన్: నెలనెలా మెలికలు తిరిగే నొప్పి ఉన్న అమ్మాయికి సెలవిచ్చి మంచంమీద పడుకోబెడితే ఆ నొప్పికి కారణం ఎవరు వెతుకుతారు? ఎండోమెట్రియోసిస్ అనే జబ్బుంది, గర్భసంచి లోపలి పొర వంటిది బయట పెరిగి నొప్పి పెడుతుంది, దాన్ని కనిపెట్టడానికే ఏళ్ళు పడుతుంది. సెలవు దొరికితే ఇంకా ఆలస్యం. రేపు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు, ఈ ఆడపిల్లలకు నెలనెలా సెలవులివ్వాలి అని వెనకాడతారు. ఆ భయాన్ని 2024 జులైలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

విద్యార్థిని: సెలవు తీసుకున్నది నమోదైతేనే ఎవరికి నెలనెలా నొప్పి వస్తుందో తెలుస్తుంది, మేడమ్. ఇప్పుడు ఆ అమ్మాయి జ్వరమని అబద్ధం రాస్తోంది, లేదా మాత్ర మింగి చివరి బెంచీలో తల వాల్చుకొని కూర్చుంటోంది. ఇక ఉద్యోగం ఇవ్వరేమోనన్న భయంతో చదువుకునే చోట నొప్పిని దాచుకోమనడం న్యాయం కాదు.

ఈ విషయంలో ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఇరువైపులా బలముంది గాని, ఈ వ్యాసకర్త దృష్టిలో విద్యార్థిని వాదమే న్యాయానికి దగ్గరగా ఉంది, ఎందుకంటే వార్డెన్ చెప్పిన ప్రమాదానికి విరుగుడు మూడో కోరికలోని డాక్టరే గాని సెలవు నిరాకరణ కాదు. చివరికి నాలుగో కోరికను తొలగించకుండా, దాని కిందనే వార్డెన్ అభ్యంతరాన్ని ఆమె మాటల్లోనే చేర్చి, ఒకే కాగితంమీద ప్రిన్సిపాల్‌కు పంపాలన్న ఒప్పందం కుదిరింది.

సంతకానికి ముందు వార్డెన్ ఒక్క షరతు పెట్టారు: అంకె 8 కంటే తక్కువ వచ్చిన అమ్మాయిల పేర్లు తనకు తెలియాలి. రాత్రివేళ పిల్ల కళ్ళు తిరిగి పడిపోతే తండ్రికి సమాధానం చెప్పవలసింది వార్డెన్ కాబట్టి ఆ కోరిక సహజమైనదే. విద్యార్థిని ఒప్పుకోలేదు, ఒక్క పేరు బయటికి వెళ్తే వచ్చే ఏడాది ఎవరూ పరీక్షకు రారని ఆమె వాదన, ఖమ్మం విన్న తర్వాత ఆ వాదనకు మరింత గట్టి పునాది ఏర్పడింది. చాలాసేపు తర్జనభర్జన పడ్డాక మొదటి కోరిక కింద రాసుకున్నది ఇది: 8 గ్రాముల లోపు అంకెను డాక్టరు స్వయంగా ఆ విద్యార్థినికి అదే రోజు చెప్పాలి, ఆసుపత్రికి వెళ్ళడానికి వాహనం, తోడు వార్డెన్ సమకూర్చాలి, ఆసుపత్రికి వెళ్ళవలసినవారు ఒకరున్నారన్నంతవరకే డాక్టరు వార్డెన్‌కు చెప్పాలి, వెళ్ళేది ఎవరో, ఎందుకో వార్డెన్‌కు తెలియకుండా ఉండాలని ఆ అమ్మాయి కోరుకుంటే తోడు ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు వెళ్తుంది, వాహనం మాత్రం హాస్టల్‌దే.